కిసుక్కు పెట్టె

మొదటి పువ్వును ఎవరు తీసుకుపోతారు?

చిన్ననాటి నుంచి నన్ను వదలని సందేహం ఇది. పాస్టరు అయ్యగారిని అడుగుదామంటే, చర్చిలో అడిగే ప్రశ్న కాదేమోనని భయం. ప్రార్థనలో అడిగాను. జవాబు రాలేదు. వచ్చినా నాకు అర్థం కాలేదేమో, చెప్పలేను.

మాది కోసిగి. క్రిస్మస్ వారం వచ్చిందంటే మా పేటలో ప్రతి ఇంటా గులాబి పువ్వులు కాల్చేవాళ్ళు. బియ్యప్పిండి, మైదా, గుడ్డు, చక్కెర, నువ్వులు కలిపి పలుచగా పిండి చేసుకుని, నూనెలో బాగా కాగిన ఇనుప అచ్చును అందులో ముంచి, మళ్ళీ నూనెలో పెట్టి మెల్లగా విదిలిస్తే పువ్వు విడివడి తేలుతుంది. అచ్చు అందరి ఇళ్ళలో ఉండదు. ఉన్నవాళ్ళ అచ్చే ఇల్లిల్లూ తిరిగేది. దానికి బాడుగ లేదు. ఒకటే పద్ధతి. విరగకుండా వచ్చిన మొదటి పువ్వు అచ్చు సొంతదారుకు ఇవ్వాలి. అది ఇచ్చిన తర్వాతే ఇంట్లో పిల్లలు చెయ్యి పెట్టాలి. అతుక్కుని చిరిగిపోయినవి లెక్కలోకి రావు.

మేము వాడే అచ్చు పక్కింటి రెజీనా అత్తది. దానికి ఒక రెక్క విరిగిపోయి ఉండేది. అందుకని మా పువ్వులన్నీ ఎవరో ఒక పక్క కొరికినట్టు వచ్చేవి. రెజీనా అత్తకు కూడా ముందుపన్ను సగం విరిగి ఉండేది. నవ్వు వస్తే చటుక్కున చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. వేళ్ళ సందుల్లోంచి కిసుక్కుమని సద్దు మాత్రం వచ్చేది. ఆమె నోరు తెరిచి నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు.

ఒక ఏడు వానలు పూర్తిగా ఎగ్గొట్టాయి. పండుగ కాగానే సుగ్గికి పోవాల్సిన జనం, ఆ ఏడు పండుగ ముందే లారీ ఎక్కారు. సుగ్గి అంటే మా వైపు కోతపనులకు వలస పోవడం. గుంటూరు దిక్కున మిరపకాయలు కోయడానికి. లారీ వచ్చేసరికి రెజీనా అత్త అచ్చు మా పొయ్యి మీద ఉంది. మా అమ్మ జీవమ్మ వేసిన మొదటి పువ్వు అతుక్కుంది. రెండోదీ అతుక్కుంది. రెజీనా అత్త మూట నెత్తిన పెట్టుకుని, నాలుగేళ్ళ కూతురు ఏసుమణిని చంకనెత్తుకుని మా వాకిట్లో నిలబడింది.

"ఒక్క గడియ ఉండు రెజీనమ్మా, వచ్చేస్తాది" అంది అమ్మ.

"లారీ ఉంటాదా వదినా, నేనుంటే? అచ్చు నీ కాడే ఉండనీ. వచ్చినాక తీసుకుంటా." గడప దాటబోతూ వెనక్కి తిరిగింది. "నా పువ్వు మాత్రం యాడికీ పోనీయొద్దు" అని చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

లారీ పోయినాక మూడో పువ్వు విరగకుండా వచ్చింది.

రెజీనా అత్త తిరిగి రాలేదు. జ్వరమని విన్నాం. ఆ చేల పక్కనే మట్టి చేశారట. మొగుడు బిడ్డను తీసుకుని ఎవరో బంధువుల ఊరికి పోయాడు, మళ్ళీ కోసిగి మొహం చూడలేదు. అమ్మ కొన్నాళ్ళు కనిపించిన వాళ్ళనల్లా అడిగింది. తర్వాత వాళ్ళ ఇంటి పైకప్పు కూలిపోయింది, అమ్మ అడగడమూ ఆగిపోయింది.

కానీ పువ్వు ఆగలేదు. ప్రతి క్రిస్మస్‌కు మొదటి పువ్వును పళ్ళెంలో పెట్టి కిటికీ గట్టు మీద ఉంచేది. తెల్లవారేసరికి పళ్ళెం ఉండేది, పువ్వు ఉండేది కాదు.

"కాకి" అనేది అమ్మ.

కాకి ముక్కుతో పొడిస్తే తునకలు రాలవా? చీమలు పట్టవా? ఒక్క తునక కూడా కనిపించేది కాదు. ఒకసారి ఆ మాటే అడిగాను.

"పోతాంది గదా మే. మన బాకీ తీరుతాంది అనుకో."

"తీరితే మళ్ళా ఏడు ఎందుకు పెడతావు?"

అమ్మ ఖాళీ పళ్ళెం తీసుకుని కడగడానికి పోయింది.

నేను పెళ్ళయి కర్నూలు వచ్చాను. అమ్మ చివరి రోజుల్లో నా దగ్గరికి వస్తూ అచ్చును కూడా తెచ్చింది. మా ఇల్లు మిద్దె మీద. కోతుల బాధకు కిటికీలకు ఇనుప జాలీ కొట్టించాం. అమ్మ పోయాక నేనూ జాలీ లోపలే పళ్ళెం పెట్టాను. తెల్లవారి చూస్తే పువ్వు లేదు. మా ఆయన హెన్రీని అడిగితే, "నేనే తిన్నా అంటే నీ మనసు కుదుటపడుతుందా? అయితే నేనే తిన్నా" అన్నాడు. తిన్నాడో లేదో ఈ రోజుకీ తెలియదు.

ఇదంతా ఇప్పుడు చెప్పడానికి కారణం మా అమ్మాయి నిస్సీ బేకరీ.

నిస్సీ స్కూల్లో టీచరు పని మానేసి, మా ముందుగదిలో ఓవెన్ పెట్టుకుంది. కేకులు, బిస్కెట్లు, పండుగకు గులాబి పువ్వులు. చెయ్యి మంచిది. తిన్నవాళ్ళు మళ్ళీ అడుగుతారు. కానీ బజారులో దొరికే తెల్ల అట్టపెట్టెల్లో పెట్టి ఇస్తుంటే, వన్‌టౌన్‌లో ఒక పెద్ద దుకాణం ఆయన మొహం మీదే చెప్పాడట. "సరుకు బాగుండాదమ్మా. పెట్టె చూస్తే మందులషాపు గుర్తుకొస్తాది. పేరూ బొమ్మా పెట్టి మంచి పెట్టె చేయించుకొని రా, క్రిస్మస్‌కు మా గల్లా పక్కనే పెడతా." నిస్సీకి అది ఒక్కటే దారి. ఈ పండుగకు నిలబడకపోతే మళ్ళీ స్కూలుకు పోతానని ఆమే అంది. ఆ మాట అనేటప్పుడు ఓవెన్ వైపు చూడలేదు.

పెట్టె తయారు చేయడానికి నిస్సీ స్నేహితురాలు హర్షిణి వచ్చింది. బొమ్మలు గీయడం, కంపెనీలకు పేర్లూ గుర్తులూ కుదర్చడం ఆ పిల్ల పని. చలాకీ పిల్ల. వచ్చీ రాగానే, "నిస్సీస్ కిచెన్ అని మాత్రం పెట్టొద్దే తల్లీ. ఊర్లో కిచెన్లు ఎక్కువైనాయి, వంట తక్కువైంది" అంది. నా వైపు తిరిగి, "ఆంటీ, మీ ఇంట్లో ఎవరింట్లోనూ లేనిది ఏముండాది?" అని అడిగింది.

నేను అనకముందే నిస్సీ అచ్చు తెచ్చి చూపించింది.

ఆ మధ్యాహ్నం హర్షిణి కోసమే పువ్వులు కాల్చాను. మొదటిది విరగకుండా వచ్చింది. పళ్ళెం కోసం నేను ఇటు తిరిగి అటు తిరిగే లోపల హర్షిణి దాన్ని తెల్లకాగితం మీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీత గీసేసింది. ఫోటోలు తీసింది. "అబ్బ, ఒక రెక్క కొరికేసినట్టు ఎంత ముద్దుగా ఉండాది! ఇది నాకు కావాల ఆంటీ. ఇంటికి తీసుకపోయి దీన్నే చూసుకుంటా గీస్తా" అని డబ్బాలో పెట్టుకుంది.

ఇంటికొచ్చిన పిల్ల నోరు తెరిచి తినేది అడిగితే కాదనడం ఎట్లా? కాదనడానికి కారణం చెప్పడం ఇంకా ఎట్లా? ఊరుకున్నాను. ఆ తర్వాత వేసినవన్నీ అచ్చుకే అతుక్కున్నాయి. ఒక్కటీ విడవలేదు.

"నూనె కాగలేదేమో మా" అంది నిస్సీ.

నూనె పొగ వస్తూనే ఉంది.

ఆ రాత్రి కిటికీలో పళ్ళెం పెట్టలేదు. పెట్టడానికి పువ్వు లేదు.

వారం తిరక్కముందే హర్షిణి నమూనా పెట్టెలు పట్టుకొచ్చింది. అగ్గిపెట్టె మాదిరి పైన ఒక తొడుగు, లోపల లాగితే వచ్చే అర. తొడుగు మీద గులాబి పువ్వు, దానికి రెండు కళ్ళు, నవ్వాపుకుంటున్న మొహం. నోటికి అడ్డంగా ఒక చిన్న చెయ్యి. పైన గుండ్రటి అక్షరాల్లో పేరు. "కిసుక్కు."

"ఇప్పుడు చూడండి ఆంటీ" అని హర్షిణి అర పట్టుకుని లాగింది. చెయ్యి ఆ అరకు అతికించి ఉంది. అరతో పాటు చెయ్యి పక్కకు జరిగింది. వెనక నోరు కనిపించింది. కొరికిన రెక్క ఉన్న చోట, సగం విరిగిన ముందుపన్ను.

నిస్సీ చప్పట్లు కొట్టింది. "మళ్ళీ ముయ్యి, మళ్ళీ తెరువు! మా, చూడు, తెరిస్తే నగుతాది!"

పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను.

"చెయ్యి ఎందుకు పెట్టినావమ్మా?" అని అడిగాను.

"ఊరికే ఆంటీ. ముద్దుగా ఉంటాదని."

"ఆ పేరు ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలే. గీస్తాంటే నోట్లోకి వచ్చింది. ఏం, బాగలేదా?"

"ఈ ఎరుపు?"

పెట్టె అంతా పండుమిరప ఎరుపు. "మన సీమ రంగు గదా ఆంటీ. కారం తినే ఊరు, తీపి అమ్ముతాండాం. చూసినోళ్ళకు నవ్వు రావాల్నని."

ఆ పిల్ల రెజీనా అత్తను ఎన్నడూ చూడలేదు. ఫోటో లేదు. నేను నిస్సీకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. విరిగిన రెక్కను చూసి విరిగిన పన్ను తోచి ఉండవచ్చు. పన్ను తోచాక చెయ్యి తోచి ఉండవచ్చు. అంత వరకూ నా బుద్ధి ఒప్పుకుంటుంది. కానీ ఆ కళ్ళు? నవ్వు ఆపుకునేటప్పుడు ఎడమ కన్ను చిన్నదయ్యేది రెజీనా అత్తకు. బొమ్మలోనూ ఎడమ కన్ను చిన్నది.

హర్షిణి నమూనాలన్నీ టీవీ బల్ల మీద వరసగా, మూసి పెట్టి పోయింది. తెల్లవారి ప్రార్థనకు లేచి ముందుగదిలో దీపం వేశాను. పెట్టెలన్నీ కొంచెం కొంచెం తెరుచుకుని ఉన్నాయి. చేతులన్నీ పక్కకు జరిగి ఉన్నాయి. వరసగా అన్నీ నా వైపే చూసి నవ్వుతున్నాయి.

ప్రార్థనకు మోకరించాను గానీ కళ్ళు మూసుకోలేకపోయాను. చనిపోయినవాళ్ళు ప్రభువు దగ్గర నిద్రలో ఉంటారని నాకు నేర్పారు. నేను నమ్ముతాను. నిద్రలో ఉన్నవాళ్ళు బాకీ అడుగుతారా? లేక అడిగేది మన మనసేనా? మనసే అయితే, అట్టపెట్టె దానికదే ఎట్లా తెరుచుకుంటుంది?

"చలికాలం గదా మా, గమ్ము ఆరి అట్ట విచ్చుకుంటాది" అంది నిస్సీ లేచాక.

అప్పుడు కూర్చోబెట్టి అంతా చెప్పాను. లారీ, మూట, పువ్వు, కిటికీ. నిస్సీ విన్నంత సేపు విని లేచింది.

"శనివారానికి ప్రెస్సుకు ఇయ్యాల మా. ఇయ్యకపోతే పండగకు పెట్టెలు రావు. నీకు తెలుసు గదా?"

"తెలుసు."

"నవ్వే బొమ్మలో కూడా నీకు సచ్చిపోయినోళ్ళే కనపడాల్నా? ఆ బొమ్మ తీసెయ్యమంటావా?"

"అది మనది కాదమ్మా. అచ్చు ఆమెది. పువ్వు ఆమెది. నవ్వు కూడా ఆమెదే. బతికున్నన్నాళ్ళు ఎవరికీ చూపకుండా దాచుకున్న నోరు. పెట్టె కొన్న ప్రతివాళ్ళూ ఆ చెయ్యి పక్కకు లాగుతారు. అడక్కుండా మనం ఎట్లా లాగిస్తాం?"

"ఎవరిని అడుగుతావు? ఆమె లేదు గదా!"

"ఏసుమణి ఉంటుంది" అన్నాను. అనే దాకా నాకూ ఆ ఆలోచన లేదు. పువ్వు పోతూనే ఉంది కదా అని, ఇన్నేళ్ళు బిడ్డను వెతకడమే మరిచాం. అమ్మ మరిచింది, నేనూ మరిచాను.

కోసిగిలో మా చిన్నాన్న కొడుకుకు ఫోన్ చేశాను. వాడు సాయంత్రానికల్లా కనుక్కుని చెప్పాడు. "రెజీనమ్మ బిడ్డనా? కోడుమూరుకు ఇచ్చినారంట అక్కా. ఆడ బళ్ళో పిల్లలకు అన్నం వండుతాదంట." కర్నూలు నుంచి గంట ప్రయాణం. అంత దగ్గర.

మరుసటి రోజు నిస్సీ, నేను బస్సెక్కాం. అచ్చును గుడ్డలో చుట్టుకున్నాను. అడిగి తెచ్చుకున్న గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదంటారు మా వైపు. అచ్చుకు పువ్వుల్లేకుండా ఎట్లా ఇస్తాం? అందుకని పిండి కలిపి స్టీలు డబ్బాలో పోసుకున్నాను. ఇంట్లో కాల్చి తీసుకుపోవచ్చు కదా అంది నిస్సీ. మొదటి పువ్వు విరగకుండా రావడం ఆమె కళ్ళ ముందర జరగాలనిపించింది నాకు. నిస్సీ ఒళ్ళో ఒక పెట్టె. దారి పొడుగునా అర తెరుచుకోకుండా దాన్ని రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది.

ఏసుమణి అప్పుడే బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. నాకంటే చిన్నదే, అయినా నాకంటే ముసలిగా కనిపించింది. నేనెవరో చెబితే గుర్తు పట్టలేదు. కోసిగి అంటే తల ఊపింది. మీ అమ్మ అచ్చు మా దగ్గరే ఉండిపోయిందని అన్నాను. కొంగుతో చేతులు తుడుచుకుంటున్నది ఆగిపోయింది.

"గులాబి అచ్చా? దానికి ఒక రెక్క ల్యా?"

నేను ఇంకా గుడ్డ విప్పలేదు.

"నేనే ఇరగ్గొట్టినానక్కా" అంది. "బండ మీద ఎత్తేసినా. మా యమ్మ కొట్టనీకి చెయ్యెత్తి, కొట్టకుండా నగింది. ఆ నగు ఇంకా ఇనపడతా ఉంటాది. మొగం మాత్రం గుర్తుకు రాదు. ఎంత తలుసుకున్నా రాదు. ఫోటో గూడా ల్యాకపాయ."

నిస్సీ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. పెట్టెను ఏసుమణి చేతిలో పెట్టింది.

"ఏంది పాపా ఇది?"

"మా పెట్టె పిన్నీ. దీని మీది బొమ్మ... మీ అమ్మ మాదిరి ఉండాదని మా అమ్మ అంటాది. నువ్వు వద్దంటే పెట్టం."

ఏసుమణి ఆ బొమ్మను వెలుతురుకు పట్టి చూసింది. వేలితో చేతి బొమ్మను తడిమింది. "నోరు మూసుకోనుండాది."

"లాగితే తెరుస్తాది" అంది నిస్సీ, వినీ వినపడకుండా.

"గుంజమంటావా అక్కా?"

నన్ను అడిగింది. "నీ ఇష్టం ఏసుమణీ. నువ్వే చెప్పాల" అన్నాను.

ఆమె మెల్లగా అర లాగింది. చెయ్యి పక్కకు జరిగింది. విరిగిన పన్ను కనిపించింది. ఏసుమణి చాలా సేపు అట్లాగే చూసింది. మళ్ళీ మూసింది. మళ్ళీ తెరిచింది. ఆ గదిలో మా ముగ్గురికీ తోడు ఇంకొకరు ఉన్నట్టు, వాళ్ళు మా కంటే ఎక్కువగా ఊపిరి బిగబట్టినట్టు నాకనిపించింది.

అప్పుడు ఏసుమణికి నవ్వు వచ్చింది. చటుక్కున చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి కిసుక్కుమంది. ఎడమ కన్ను చిన్నదైంది.

నిస్సీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నగనీ పాపా" అంది ఏసుమణి కళ్ళు తుడుచుకుంటూ. "బతికినన్నాళ్ళు నోరు మూసుకోనే ఉండె. ఇప్పుడన్నా నగనీ. అందరూ సూడనీ." పెట్టెను తిప్పి చూసి, మొహం ముడుచుకుంది. "ఈ ఎరుపు మాత్రం వద్దు. మా యమ్మను తినింది ఆ రంగే."

"ఏ రంగు వెయ్యమంటావు పిన్నీ?"

"కాలిన పువ్వుకు రంగు ల్యాదా? అదే ఎయ్యి."

నిస్సీ అప్పటికప్పుడే హర్షిణికి ఫోన్ చేసింది. అవతల నుంచి, "అబ్బా, అంత ఆలోచించి వేసిన ఎరుపు" అని గొణగడం, తర్వాత "సరే సరే, దోరగా వేగిన రంగు, అదీ బాగుంటాది" అనడం వినిపించాయి.

నేను అచ్చు గుడ్డ విప్పి ఏసుమణి చేతిలో పెట్టాను. దాన్ని ఆమె ఒళ్ళో పెట్టుకుని విరిగిన రెక్క అంచును వేలితో రుద్దింది. "బేకరీకి కావాలంటే వచ్చి తీసుకపో పాపా, ఎప్పుడు కావల్లంటే అప్పుడు. పద్ధతి తెలుసు గదా?"

"తెలుసు పిన్నీ" అంది నిస్సీ.

ఏసుమణి పొయ్యి మీద బాండలి పెట్టాం. నూనె కాగింది. అచ్చు ముంచి వేసిన మొదటిది అతుక్కుంది. రెండోదీ అతుక్కుంది. వాకిట్లో ఏదో బండి హారన్ కొడుతోంది. ఒక్క గడియ ఉండు, వచ్చేస్తాది, అనుకున్నాను లోపల, ఎవరితోనో తెలియకుండానే. మూడోసారి విదిలించాను. పువ్వు జారి నూనెలో తేలింది. ఒక రెక్క తక్కువగా, విరగకుండా.

తీసి పళ్ళెంలో పెట్టాను. అలవాటు కొద్దీ నా కాళ్ళు కిటికీ వైపు నడిచాయి.

"యాడికి తీసకపోతాండావక్కా?" అంది ఏసుమణి. "ఇట్లీ."

ఇచ్చాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నోరు తెరిచి కొరికింది. కరకరమని సద్దు. నేనూ నిస్సీ నిలబడి చూస్తూనే ఉన్నాం. పువ్వంతా తిన్నాక, ఒళ్ళో రాలిన తునకలను తడివేలితో ఒక్కొక్కటే అద్దుకుని తింది. పళ్ళెంలో గానీ ఒళ్ళో గానీ ఏమీ మిగల్లేదు.